కరెంటు ఆదా బల్బు: భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట

రాత్రి లైటు ఆపి పడుకున్నాక చూస్తే బల్బు పూర్తిగా ఆరి ఉండదు. గుడ్డి దీపంలా మసకగా వెలుగుతూనే ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక చాలా ఇళ్లలో కనిపిస్తున్న సంగతి ఇది. కొందరు బల్బు పాడైందనుకుని మారుస్తారు. కొందరు కరెంటు వృథా అవుతోందని బాధపడతారు. ఇంకొందరు బెడ్‌లైటుగా పనికొస్తుందిలే అని ఊరుకుంటారు. కానీ ఆ మసక వెలుగుకు ఉన్న కారణాల్లో ఒకటి మాత్రం ఊరుకోవాల్సింది కాదు.

స్విచ్ ఎప్పుడూ ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే, తాకితే షాక్ కొట్టే వైరు) మీద ఉండాలి. వైరింగ్ చేసేటప్పుడు పొరపాటున న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టినా పాత బల్బు మామూలుగానే వెలుగుతుంది, మామూలుగానే ఆరుతుంది. తేడా కంటికి కనపడదు. కానీ స్విచ్ ఆపినా ఫేజ్ హోల్డర్ దాకా వచ్చి ఉంటుంది. బల్బు లోపలి రేకు, చుట్టూ ఉన్న గోడ, సీలింగ్ కలిసి ఒక చిన్న కెపాసిటర్‌లా (కరెంటును కాస్త నిల్వ ఉంచే భాగంలా) పనిచేయడంతో అతి కొద్దిపాటి కరెంటు పారుతుంది. పాత ఫిలమెంట్ బల్బును వెలిగించడానికి అది ఏ మూలకూ చాలదు. ఎల్‌ఈడీకి ఆ కాస్త చాలు. ఏళ్ల తరబడి గోడలో ఉన్న తప్పు పాత బల్బుతో బయటపడలేదు, కొత్త బల్బుతో బయటపడింది.

మసక వెలుగుకు ఇదొక్కటే కారణం కాదు. స్విచ్‌లోనే చిన్న ఇండికేటర్ దీపం ఉన్నా, ఫేజ్ వైరూ స్విచ్ నుంచి బల్బుకు వెళ్లే వైరూ చాలా దూరం ఆనుకుని నడిచినా ఇలాగే జరుగుతుంది. ఆ రెండింటితో పెద్ద చిక్కేమీ లేదు. అసలు కారణం ఏదో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి నిమిషాల్లో తేల్చగలడు. నియాన్ టెస్టర్‌ను మాత్రం నమ్ముకోకూడదు, అది పక్క వైరు ప్రభావానికి కూడా వెలుగుతుంది. తేలే వరకు, స్విచ్ ఆపేశాం కదా అనే ధీమాతో ఆ హోల్డర్ జోలికి వెళ్లకూడదు.

ఎల్‌ఈడీ, దానికి ముందు వచ్చిన సీఎఫ్‌ఎల్ లాంటి కరెంటు ఆదా బల్బుల గురించి జనంలో తిరిగే భయాలన్నీ దాదాపు వెలుగు చుట్టూనే ఉంటాయి. నీలి కాంతికి కళ్లు పోతాయని, కిరణాలకు చర్మం పాడవుతుందని, పగిలితే ఇల్లంతా విషమైపోతుందని. వాటిలో కొంత నిజం ఉంది. చాలావరకు మాత్రం ఎంత అనే లెక్క చూసుకోని భయం. నిజంగా జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి: బల్బు అడుగున దాగిన సర్క్యూట్, దాన్ని బిగించిన చోటు, దాన్ని మార్చే పద్ధతి. వీటి మీద చర్చ తక్కువ.

తీగ పోయి సర్క్యూట్ వచ్చింది

పాత బల్బులో ఉన్నదల్లా ఒక టంగ్‌స్టన్ తీగ. కరెంటు పారితే ఎర్రగా కాలి వెలుగుతుంది, తెగితే ఆరిపోతుంది. పాడైతే ఆరిపోవడం తప్ప దానికి ఇంకో రకంగా పాడవడం పెద్దగా తెలియదు. కానీ అది తాగే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోయేది. గాజు మీద వేడి వంద డిగ్రీలు దాటేది. కర్టెన్ తగిలినా, కాగితపు షేడ్ ఆనుకున్నా అంటుకునే ప్రమాదం ఉండేది. హాలోజన్ బల్బులు ఇంకా వేడి. ఆ లెక్కన చూస్తే కరెంటు ఆదా బల్బులు ఇంటిని మునుపటి కంటే సురక్షితం చేశాయనే చెప్పాలి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే 800 ల్యూమెన్ల వెలుగును సీఎఫ్‌ఎల్ 13 నుంచి 15 వాట్లతో, ఎల్‌ఈడీ 8 లేదా 9 వాట్లతో ఇస్తుంది. కరెంటు తగ్గిన మేరకు వేడీ తగ్గుతుంది.

అయితే ఇప్పుడు చేతిలో ఉన్నది పేరుకే బల్బు, నిజానికి ఒక ఎలక్ట్రానిక్ పరికరం. సీఎఫ్‌ఎల్ అడుగున ఉండే ప్లాస్టిక్ డబ్బాలో బల్లాస్ట్ ఉంటుంది, ఎల్‌ఈడీ అడుగున డ్రైవర్ ఉంటుంది. రెండూ బల్బుకు తగ్గట్టు కరెంటును అదుపు చేసే సర్క్యూట్లే. రెండింటిలోనూ డయోడ్లు, కెపాసిటర్లు, చిన్న చిప్పులు కిక్కిరిసి ఉంటాయి. టీవీని, ఫోన్ చార్జర్‌ను గాలి ఆడే చోట పెట్టాలని అందరికీ తెలుసు. అదే జాతి సర్క్యూట్‌ను మాత్రం బల్బు ఆకారంలో ఉందని మూసిన గాజు గిన్నెలో పెట్టి రోజుకు పది గంటలు వెలిగిస్తారు.

పాదరసం సంగతి

ముందు సీఎఫ్‌ఎల్. కొత్తవి కొనేవాళ్లు తగ్గిపోయినా, స్టోర్‌రూముల్లో, బాత్‌రూముల్లో, మెట్ల కింద ఇంకా వెలుగుతున్నవి చాలా ఉన్నాయి. పాతబడేకొద్దీ పగిలేది, మాడేది కూడా అవే.

సీఎఫ్‌ఎల్ అంటే చుట్ట చుట్టిన ట్యూబ్‌లైటు. లోపల ఆవిరైన పాదరసం గుండా కరెంటు పారినప్పుడు ప్రధానంగా 253.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత (యూవీ) కిరణాలు పుడతాయి. అవి కంటికి కనపడవు. గాజు లోపలి గోడకు పూసిన తెల్లటి ఫాస్ఫర్ పొడి వాటిని పీల్చుకుని కనిపించే వెలుగుగా మారుస్తుంది. పాదరసం లేకుండా ఈ ట్యూబు వెలగదు. ఒక్కో బల్బులో అది సగటున 4 మిల్లీగ్రాములు ఉంటుంది, తర్వాతి కాలంలో వచ్చిన వాటిలో ఇంకా తక్కువ. పాత జ్వరం థర్మామీటర్‌లో 500 మిల్లీగ్రాముల దాకా ఉండేది. అంటే ఒక థర్మామీటర్ పగలడం, వందకు పైగా సీఎఫ్‌ఎల్‌లు పగలడం ఒకటే.

అలాగని తీసిపారేయాల్సిన విషయం కాదు. 4 మిల్లీగ్రాములంటే 40 లక్షల నానోగ్రాములు. పొడవు, వెడల్పు, ఎత్తు పది అడుగులున్న గదిలో గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. పాదరసమంతా ఒక్కసారిగా ఆవిరైతే ఘనపు మీటరు గాలికి లక్షన్నర నానోగ్రాములకు దగ్గరగా తేలుతుంది. నిజానికి అంతా ఆవిరి కాదు, ఎక్కువ భాగం పొడికీ గాజుకూ అంటుకుని ఉంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర పర్యావరణ శాఖ సీఎఫ్‌ఎల్‌లను కావాలనే పగలగొట్టి గదిలో గాలిని కొలిచి 2008లో నివేదిక ఇచ్చింది. పగిలిన కాసేపు పాదరసం ఘనపు మీటరుకు 25,000 నానోగ్రాములు దాటిన సందర్భాలు అందులో ఉన్నాయి. ఆ రాష్ట్రం పెట్టుకున్న హద్దు 300 మాత్రమే. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ 300 అనేది జీవితాంతం రోజూ పీల్చినా ఫర్వాలేదనే లెక్కతో పెట్టుకున్న స్థాయి. పగిలినప్పుడు వచ్చే ఉప్పెన కాసేపటిది, కిటికీలు తెరిస్తే వేగంగా పడిపోతుంది. ఆ మొదటి పావుగంట ఎలా గడిచిందన్నదే ముఖ్యం.

ఆ పావుగంటను కాస్త దగ్గరగా చూద్దాం. బల్బు మారుస్తుండగా జారి నేల మీద పడింది. గాజు పెంకులు, వాటి చుట్టూ ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొడి. ఎవరైనా వెంటనే చేసే పని చీపురు తెచ్చి ఊడవడం. సరిగ్గా అదే చేయకూడదు. ఊడిస్తే పొడి గది నాలుగు మూలలకూ పాకుతుంది, చీపురుకు పట్టుకుంటుంది, అదే చీపురుతో రేపు ఇల్లంతా ఊడుస్తారు. వాక్యూమ్ క్లీనర్ ఇంకా చేటు. పొడిని లోపలికి లాక్కుని, పాదరసం ఆవిరిని వెనక నుంచి గాలిలోకి ఊదుతుంది.

ముందు గదిలోంచి పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని బయటికి పంపాలి. పాదరసం ఆవిరి నేలకు దగ్గరలో ఎక్కువగా ఉంటుంది, పాకే పిల్లలు పీల్చేది ఆ గాలే. కిటికీలు తెరిచి, ఏసీ ఆపి, తలుపు మూసి పది నిమిషాలు అందరూ బయటే ఉండాలి. తర్వాత చేతులకు గ్లవుజులు వేసుకుని, గట్టి అట్టముక్కలు రెండు తీసుకుని పెంకుల్నీ పొడినీ నెమ్మదిగా ఒకదానిలోకి ఎత్తాలి. మిగిలిన సన్నటి నలుసుల్ని టేపు జిగురు వైపుతో అద్ది తీయాలి. చివర తడి కాగితంతో తుడవాలి. అట్ట, టేపు, కాగితం, పెంకులు అన్నీ బిగుతు మూత ఉన్న గాజు సీసాలో వేసి ఇంటి బయట పెట్టాలి. కుదిరితే ఇంకొన్ని గంటలు కిటికీలు తెరిచే ఉంచాలి. పొడి నేరుగా పడిన బట్టల్ని వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, పారేయడమే మంచిది.

గచ్చు నేలైతే కథ అక్కడితో ముగుస్తుంది. కార్పెట్ అయితే ముగియదు. పోగుల సందుల్లో చిక్కుకున్న పొడి తర్వాత నడిచినప్పుడల్లా, శుభ్రం చేసినప్పుడల్లా కొద్దికొద్దిగా ఆవిరి వదులుతుంది. ఆ మెయిన్ రాష్ట్ర అధ్యయనం ప్రత్యేకంగా హెచ్చరించింది దీని గురించే. చంటిపిల్లలు, గర్భిణులు ఉండే గదిలో అయితే కార్పెట్‌లో ఆ భాగాన్ని కత్తిరించి తీసేయడం మేలు.

ఇంకో అపోహ. నేల మీద మెరిసే చుక్కను పిల్లాడు నోట్లో పెట్టుకున్నాడేమోనని పెద్దలు హడలిపోతారు. లోహరూపంలో ఉన్న పాదరసం కడుపులోకి వెళితే ఒంటికి పట్టేది అతి స్వల్పం. పీల్చిన ఆవిరిలో మాత్రం దాదాపు 80 శాతం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరుతుంది. మింగాడన్నప్పుడు ముందు భయపడాల్సింది గాజు పెంకుకు, అందుకు వెంటనే డాక్టర్‌కు చూపించాలి. పాదరసం విషయంలో మాత్రం కాపాడేది తెరిచిన కిటికీయే.

పగలకుండా చూసుకోవడానికి ఒక చిన్న అలవాటు చాలు. బిగించేటప్పుడు, తీసేటప్పుడు గాజు చుట్టను కాదు, అడుగున ఉన్న ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని తిప్పాలి. వెలుగుతున్న బల్బును తీయకూడదు, చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు పాదరసం ఎక్కువగా ఆవిరి రూపంలో ఉంటుంది, అప్పుడు పగిలితే అదంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది.

పొడి పూత లేని ట్యూబు

సీఎఫ్‌ఎల్ లోపల పుట్టే అతినీలలోహిత కిరణాల్లో కొద్ది భాగం పూత దాటి బయటికి వస్తుంది. బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ 2008లో దీన్ని కొలిచి, చుట్టలు బయటికి కనిపించే రకం బల్బుకు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా రోజుకు గంటకు మించి కూర్చోవద్దని చెప్పింది. పైన ఇంకో గాజు కవచం ఉన్న రకానికి ఆ సలహా అక్కర్లేదంది. అంటే సీలింగ్‌కు ఉన్న సీఎఫ్‌ఎల్‌తో బెంగ లేదు. ముఖానికి జానెడు దూరంలో ఉండే టేబుల్ ల్యాంపులో మాత్రం అది వద్దు. లూపస్ లాంటి జబ్బులతో చర్మం కాంతికి తట్టుకోలేని వాళ్లు ఎల్‌ఈడీకి మారిపోవడం మంచిది.

దీనికంటే ఎన్నో రెట్లు ప్రమాదమైనది ఒకటుంది, చూడటానికి అచ్చం సీఎఫ్‌ఎల్‌లాగే ఉంటుంది. క్రిములను చంపే యూవీ ల్యాంపు. అదే పాదరసం, అదే 253.7 నానోమీటర్లు. తేడా పూత లేకపోవడమే, గాజు కూడా ఆ కిరణాలను ఆపని రకం. అంటే సీఎఫ్‌ఎల్ లోపల బందీగా ఉండాల్సిందంతా నేరుగా గదిలోకి వస్తుంది. కరోనా రోజుల్లో ఇలాంటివి ఇళ్లలోకి చాలా వచ్చాయి. మామూలు హోల్డర్‌లోనే పడతాయి. వెలిగినప్పుడు లేత నీలి రంగు తప్ప భయపెట్టేదేమీ కనిపించదు, ఆ నిమిషానికి కంటికి నొప్పి కూడా ఉండదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్లు, చర్మం మీద ఎర్రటి కమురు. వెల్డింగ్ మంటను నేరుగా చూసినవాళ్లకు వచ్చే బాధే ఇది. చేతులను ఇలాంటి ల్యాంపుల కింద పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది. ఇంట్లో పారదర్శకమైన గాజుతో, తెల్లటి పూత లేకుండా సీఎఫ్‌ఎల్ ఆకారంలో ఏదైనా మిగిలి ఉంటే, అది లైటు కాదని అందరికీ చెప్పి, పొరపాటున ఎవరూ బిగించని చోట పెట్టాలి.

మూసిన గిన్నెలో ఎల్‌ఈడీ

ఎల్‌ఈడీలో పాదరసం లేదు. నీలి కాంతినిచ్చే చిన్న చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే రెండూ కలిసి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 9 వాట్ల బల్బులో సుమారు మూడో వంతు వెలుగుగా మారుతుంది, మిగతాది వేడి. పాత బల్బు వేడి కిరణాలుగా నలువైపులా వెళ్లిపోయేది. ఎల్‌ఈడీ వేడి అలా వెళ్లదు. చిప్పుల వెనక ఉన్న రేకు గుండా అడుగు భాగంలోకి దిగి, అక్కడి నుంచి గాలిలో కలవాలి. ఆ దారిలోనే డ్రైవర్ సర్క్యూట్ కూర్చుని ఉంటుంది.

అందుకే మూసిన షేడ్ దానికి శత్రువు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పాత షేడ్ మీద '60 వాట్లకు మించకూడదు' అని రాసి ఉంటే, అందులో 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టడం షేడ్‌కు పూర్తిగా సురక్షితం. ఆ హెచ్చరిక బల్బు నిజంగా వాడే వాట్ల గురించి, '100 వాట్లకు సమానం' అని డబ్బా మీద వేసుకున్న అంకె గురించి కాదు. కానీ బల్బు వల్ల షేడ్‌కు ముప్పు లేకపోయినా, షేడ్ వల్ల బల్బుకు ముప్పుంది. లోపలి వేడి బయటికి పోక డ్రైవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉడికిపోతుంది. ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ కెపాసిటర్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. డబ్బా మీద 15,000 గంటలని రాసిన బల్బు ఏడాదికే పోయిందంటే, చాలాసార్లు తప్పు దాన్ని పెట్టిన చోటిదే. మూసిన షేడ్‌లో వాడొచ్చని డబ్బా మీద ఉంటేనే అక్కడ పెట్టాలి. ఫాల్స్ సీలింగ్‌లో దించిన లైట్ల మీద దుమ్ము, అట్టముక్కలు, ఇన్సులేషన్ పేరుకోకుండా చూడాలి.

వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్ రెగ్యులేటర్ ఉన్న పాయింట్‌లో మామూలు ఎల్‌ఈడీ గానీ సీఎఫ్‌ఎల్ గానీ పెట్టకూడదు. డిమ్మర్ కరెంటు అలను ముక్కలు చేసి పంపుతుంది. పాత తీగకు ఆ తేడా పట్టేది కాదు. ఈ సర్క్యూట్లు మాత్రం ఆ ముక్కల అలతో సతమతమై, మిణుకుమని, గుయ్‌మని మోగి, వేడెక్కి పోతాయి.

పోయే ముందు ఈ బల్బులు కొన్ని సూచనలు ఇస్తాయి. సీఎఫ్‌ఎల్‌లో ట్యూబు చివర్లు నల్లబడతాయి, అక్కడ నారింజ రంగు కాంతి కనిపిస్తుంది, వెలగడానికి తంటాలు పడుతుంది. ఎలక్ట్రోడ్ మీది పూత అరిగిపోయినా బల్లాస్ట్ కరెంటు తోస్తూనే ఉండటంతో ఆ చివర విపరీతంగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడం, కమురు వాసన రావడం అప్పుడే. ప్రమాణాల ప్రకారం చేసిన బల్బులో మంట పట్టని ప్లాస్టిక్, సర్క్యూట్‌ను ఆపే ఏర్పాటు ఉంటాయి కాబట్టి సాధారణంగా వాసనతో ఆగుతుంది. చవక నకిలీలో ఆ భరోసా ఉండదు. పూర్తిగా పోయాక మారుద్దాంలే అనే వాయిదా పాత బల్బుకు చెల్లింది. దీనికి చెల్లదు. కమురు వాసన వచ్చిందంటే స్విచ్ ఆపి, చల్లారాక తీసేయాలి. బల్బుతో పాటు హోల్డర్‌నూ చూడాలి. వదులైన హోల్డర్‌లో చిటపటలు పుట్టి బల్బు అడుగు మాడుతుంది, అప్పుడు ఎన్ని బల్బులు మార్చినా అదే కథ.

డోమ్ ఊడిన బల్బు

ఎల్‌ఈడీ బల్బు పైన ఉండే తెల్లటి ప్లాస్టిక్ డోమ్ వెలుగును పరచడానికే అనుకుంటారు. దాని అసలు పని ఇంకోటి కూడా ఉంది: లోపలి కరెంటు చేతికి తగలకుండా అడ్డుపడటం. అది ఊడిపోయిన బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే గుండ్రటి రేకు, దాని మీద పసుపు బియ్యపు గింజల్లా చిప్పులు కనిపిస్తాయి. సీరియల్ దీపాల్లాంటివే కదా, వీటిలో ఏముంటుందని అనిపిస్తుంది. కానీ చాలా బల్బుల్లో డ్రైవర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. మెయిన్స్ కరెంటును డయోడ్లతో డీసీగా మార్చి నేరుగా చిప్పులకు ఇస్తుంది. 230 వోల్టుల సరఫరాలో అల శిఖరం 325 వోల్టులు. ఆ చిప్పుల వరుస మీద ఉండేది ఆ స్థాయి కరెంటే, ప్లగ్గులో వేలు పెట్టడానికీ దాన్ని తాకడానికీ తేడా లేదు. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ కాసేపు నిలిచి ఉండొచ్చు. డోమ్ పగిలిన బల్బును, ఇంకా వెలుగుతోంది కదా అని వాడుకోవడం ఇంట్లో జరిగే అతి సాధారణమైన, అతి ప్రమాదకరమైన పొదుపు. చెయ్యి అందే ఎత్తులో ఉన్న గోడ లైటులో అయితే మరీను.

పోయిన బల్బును ఇంట్లోనే బాగు చేసే చిట్కా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. మాడిన చిప్పు మీద చిన్న నల్ల చుక్క ఉంటుంది, దాన్ని సోల్డర్‌తో షార్ట్ చేస్తే మిగతావన్నీ వెలుగుతాయి. వెలుగుతాయన్నది నిజమే. కానీ ఆ చిప్పు పంచుకోవాల్సిన వోల్టేజీ ఇప్పుడు ఎక్కడికి పోవాలి? లీనియర్ రకం డ్రైవర్ (మిగిలిన వోల్టేజీని వేడిగా వదిలించుకునే రకం) అయితే ఆ భారమంతా డ్రైవర్‌లోని చిన్న కంట్రోల్ చిప్పు మీద పడి అది మరింత వేడెక్కుతుంది. పైగా ఒకసారి పీకిన డోమ్ మళ్లీ గట్టిగా కూర్చోదు. సోల్డరింగ్ వచ్చినవాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చేయడం కాదు గానీ, ఇలా బతికించిన బల్బును పిల్లల గదిలోనో బాత్‌రూములోనో పెట్టకూడదు.

బల్బు మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపడమే సరైన పద్ధతి. మొదట చెప్పిన న్యూట్రల్ స్విచ్ తప్పు ఉన్న ఇంట్లో స్విచ్ ఆపినా హోల్డర్ పిన్నుల్లో ఫేజ్ ఉంటుంది. మర హోల్డర్‌లో అయితే మర భాగం న్యూట్రల్‌కు, అడుగున ఉన్న బొడిపె ఫేజ్‌కు కలపాలి. తిరగేసి కలిపిన చోట బల్బు సగం తిప్పాక వేలికి తగిలే మర మీదే ఫేజ్ ఉంటుంది. తడి చేతులు, ఇనుప స్టూలు, వట్టి కాళ్లు తోడైతే ఇక చెప్పేదేముంది.

కరెంటు పోయినా వెలిగే బ్యాటరీ బల్బులది ఇంకో తీరు. లోపల లిథియం అయాన్ సెల్ ఉంటుంది, దానికి వేడి పడదు. మూసిన షేడ్ వీటికి మరీ పనికిరాదు. ఉబ్బినట్టు, పగుళ్లిచ్చినట్టు కనిపిస్తే వెంటనే తీసేయాలి. ఈ బల్బు వెలుగుతోందని లైనులో కరెంటు ఉందనుకోవడానికి లేదు, ఆరిందని లేదనుకోవడానికీ లేదు. మరమ్మతు చేసేవాళ్లు దీన్ని గుర్తుగా పెట్టుకోకూడదు.

నీలి కాంతి, కనిపించని మినుకు

నీలి కాంతి రెటీనాను కాల్చేస్తుందన్న భయానికి ఇంటి బల్బు స్థాయిలో ఆధారం లేదు. ఐరోపా సమాఖ్య శాస్త్రీయ సలహా కమిటీ 2018లో ఎల్‌ఈడీల మీద ఇచ్చిన అభిప్రాయం కూడా ఇదే: మామూలు వాడకంలో ఆరోగ్యవంతులకు నేరుగా హాని చేస్తున్నట్టు ఆధారాలు లేవు. ఇంటి గదిలో వెలుగు కొన్ని వందల లక్స్, ఎండపూట ఆరుబయట పదివేలల్లో ఉంటుంది. నీలి కాంతికి దెబ్బతినేది కన్ను కాదు, నిద్ర. కంటిలోని కొన్ని కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగును బట్టి పగలో రాత్రో శరీరానికి చెబుతాయి. పడకగదిలో 6500 కెల్విన్ తెల్లటి బల్బు బదులు 2700 కెల్విన్ పసుపు ఛాయది పెడితే ఆ గొడవ చాలావరకు తీరుతుంది. పసిపిల్లల కళ్లలోకి నేరుగా పడేలా ఏ లైటూ పెట్టకూడదు.

మినుకు గురించి మాత్రం ఇంకాస్త పట్టించుకోవాలి. 50 హెర్ట్జ్ సరఫరాలో కరెంటు సెకనుకు వంద సార్లు పడిలేస్తుంది. పాత తీగ ఆ సందులో చల్లారేది కాదు కాబట్టి వెలుగు పెద్దగా ఊగేది కాదు. ఎల్‌ఈడీ తక్షణం స్పందిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి డ్రైవర్‌లో కెపాసిటర్ పెట్టకపోతే, వెలుగు సెకనుకు వంద సార్లు దాదాపు పూర్తిగా ఆరి వెలుగుతుంది. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి, కంటి అలసట రావచ్చు. ఇంట్లో మిషన్ పని చేసేవాళ్లకు ఇంకో ముప్పు: ఆ వెలుగులో తిరిగే చక్రం ఆగినట్టో, నెమ్మదిగా తిరుగుతున్నట్టో కనిపించవచ్చు. ఐరోపా సమాఖ్య 2021 సెప్టెంబరు నుంచి ఈ మినుకుకు హద్దులు పెట్టింది. ఇంట్లో చూసుకోవడానికి ఒక పెన్సిల్ చాలు. బల్బు ముందు వేగంగా అటూ ఇటూ ఊపితే, మంచి బల్బు కింద మసక గీతలా కనిపిస్తుంది. మినుకు ఎక్కువున్న బల్బు కింద విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు కనిపిస్తాయి.

పాత సీఎఫ్‌ఎల్‌లు ఎక్కడికి

పాదరసాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం 2013లో జపాన్‌లోని కుమమోటోలో కుదిరి, 2017 ఆగస్టు 16 నుంచి అమల్లోకి వచ్చింది. 2022లో బాలిలో జరిగిన సమావేశంలో, ఇళ్లలో వాడే మామూలు సీఎఫ్‌ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతులను 2025 నాటికి ఆపాలని సభ్యదేశాలు తీర్మానించాయి. 2023లో జెనీవాలో ట్యూబ్‌లైట్లకు కూడా 2027 నాటికి ముగింపు పెట్టాయి. ఇళ్లలో ఇప్పటికే ఉన్నవాటిని వాడుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ దీనర్థం, రాబోయే కొన్నేళ్లలో సీఎఫ్‌ఎల్‌లన్నీ ఒకదాని వెనక ఒకటి చెత్తలోకి వస్తాయని.

మామూలు చెత్తబుట్టలో వేసిన సీఎఫ్‌ఎల్ ఇంట్లో పగలకపోయినా చెత్త బండిలో పగులుతుంది. అక్కడ కిటికీలు తెరిచే వీలు, పది నిమిషాలు బయట నిలబడే వీలు ఎవరికీ ఉండదు. వట్టి చేతులతో చెత్త వేరుచేసే మనిషి ఆ గాలినే రోజంతా పీలుస్తాడు. ఒక్క ఇంటికి 4 మిల్లీగ్రాములు చిన్న లెక్కే, ఆ మనిషి చేతుల మీదుగా వెళ్లేది వేల ఇళ్ల లెక్క. పోయిన సీఎఫ్‌ఎల్‌ను పగలగొట్టకుండా, కొత్త బల్బు వచ్చిన అట్టపెట్టెలోనే తిరిగి పెట్టి, పిల్లలకు అందని చోట నిలబెట్టి ఉంచాలి. నాలుగైదు పోగయ్యాక ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. పెట్టె మీద పెన్నుతో 'పాదరసం ఉంది, పగలనివ్వొద్దు' అని పెద్ద అక్షరాలతో రాస్తే, దాన్ని ఇంకెవరు ఎత్తినా జాగ్రత్తగానే ఎత్తుతారు.